ఒకే తిండి, వేర్వేరు ఒళ్లు

ప్రశ్న: మా చిన్నమ్మాయికి 12 ఏళ్లు. ఏడాదిగా నడుము, తొడలు నిండుగా అవుతున్నాయి. అదే తిండి తినే పెద్దమ్మాయి సన్నగానే ఉంది. ఇది వంశపారంపర్యమా?

జవాబు: చాలావరకు అవునమ్మా. తల్లిదండ్రుల జన్యువుల్లో అక్కచెల్లెళ్లకు ఉమ్మడిగా అందేవి సగటున సగమే. ఎఫ్‌టీఓ అనే జన్యువుకు బరువుతో ఉన్న సంబంధం 2007లో బయటపడింది. అందులోని ఒక మార్పు అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చినవారు, అసలు రానివారికన్నా పెద్దయ్యాక సగటున 3 కిలోలు ఎక్కువుంటారు. అది ముఖ్యంగా ఆకలిని పెంచుతుంది. కాబట్టి పాపను తిండిపోతు అనకండి, అక్కతో పోల్చకండి. ఇలాంటి పిల్లలు నా ముందు తలవంచుకుని కూర్చుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. పైగా ఈ వయసు ఆడపిల్లలకు కొంత కొవ్వు చేరడం సహజం. ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు రాసి పెట్టండి. ఎత్తు ఆగిపోయి బరువు మాత్రమే పెరుగుతుంటే వెంటనే పిల్లల వైద్యులకు చూపించండి. థైరాయిడ్ పరీక్ష అవసరం కావచ్చు.