టచ్ పనిచేసే ‘రెడీమేడ్’ లినక్స్ వేసుకోవచ్చా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు చూస్తాను. నా దగ్గర కీబోర్డు ఊడదీసే రకం పాత టచ్ కంప్యూటర్ ఉంది. ఆటమ్ చిప్, 2 జీబీ ర్యామ్, విండోస్ 10. విండోస్ బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేద్దామంటే పెన్‌డ్రైవ్‌నే గుర్తించడం లేదు. ఇదే మోడల్‌కి టచ్‌తో సహా అన్నీ సెట్ చేసిన ఇమేజ్ (యథాతథంగా వేసేసుకునే లినక్స్ కాపీ) అంటూ ఒక గ్రూపులో డ్రైవ్ లింకు పెట్టారు. వేసేయనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట

జవాబు: వద్దు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. అప్పటి నుంచి విజయవాడ వాళ్లూ గుంటూరు వాళ్లూ ఇదే అడుగుతున్నారు, ఇలాంటి లింకే జతచేసి మరీ.

ముందు పెన్‌డ్రైవ్ సంగతి. ఈ రకం మెషీన్లలో చాలావాటికి ప్రాసెసర్ 64 బిట్‌దే కానీ యూఈఎఫ్ఐ (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ఫర్మ్‌వేర్, అంటే చిప్‌లోనే ఉండే ప్రోగ్రాము) మాత్రం 32 బిట్‌ది. పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ ఫోల్డరు లోపలి బూట్ ఫోల్డరు చూడండి. అక్కడ ‘బూట్‌ఐఏ32’ ఫైలు లేకపోతే మీ మెషీన్ దాన్ని పట్టించుకోదు. 64 బిట్ చిప్ పెట్టి 32 బిట్ ఫర్మ్‌వేర్‌తో అమ్మడమేమిటి? టచ్ చిప్‌కి కావలసిన ఫర్మ్‌వేర్ విండోస్ డ్రైవర్ల ఫోల్డర్లో దాక్కుంటుంది, మోడల్‌కో రకంగా. విండోస్ తుడిచేశాక అదీ పోతుంది. పైగా చాలా మోడళ్లలో చార్జింగ్‌కీ పెన్‌డ్రైవ్‌కీ ఒకటే రంధ్రం! కొన్న మనిషి నాలుగేళ్ల తర్వాత కూడా దాన్ని వాడతాడన్న ఆలోచనే తయారుచేసినవాళ్లకు రాలేదు. ఊళ్లలో పెరిగే ఈ-చెత్తలో సగం పాపం ఇలాంటి డిజైన్లదే అని నా అభిప్రాయం. సరే, విండోస్ ఉండగానే ఆ డ్రైవర్ల ఫోల్డరు మొత్తం కాపీ చేసి దాచుకోండి.

నా అసలు టెన్షన్ ఆ లింకు గురించి. ఆపరేటింగ్ సిస్టమే పరాయివాడు తయారుచేసింది అయితే, మీరు కొట్టే ప్రతి పాస్‌వర్డూ వాడికి చేరేలా ముందే అమర్చి ఉండొచ్చు. ముక్కూమొహం తెలియని మనిషికి గల్లాపెట్టె తాళాలిచ్చినట్టే. మీ మెషీన్లో రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ ఫొటోలు ఉంటాయి కదా? 2016 ఫిబ్రవరిలో లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ సొంత సైట్‌నే హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకును దొంగదారి ఉన్న ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వైపు మళ్లించారు. అధికారిక సైట్‌కే ఆ గతి పడితే గ్రూపులో లింకుకి దిక్కెవరు? డెబియన్ లాంటి లినక్స్‌లను వాటి సొంత సైట్ నుంచే దించుకుని, జీపీజీ సంతకం (ఫైలు తయారుచేసినవాళ్లు పెట్టే డిజిటల్ సంతకం) సరిచూడండి. చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూసుకునే అంకెలు, అక్షరాల వరస) ఒక్కటే చాలదు. ఫైలు మార్చగలిగినవాడు అదే పేజీలోని అంకెలూ మార్చగలడు.

టచ్ కోసం ఎవరో రాసిన స్క్రిప్టును చదవకుండా ‘సుడో’ (పూర్తి అధికారం ఇచ్చే ఆదేశం) తగిలించి నడిపేవాళ్లదీ ఇదే కథ. టచ్ లేకపోయినా మౌస్‌తో లెక్కలు రాసుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే లోపలి ఫైళ్లు చదవలేకుండా చేసే తాళం) తప్పకుండా పెట్టండి. బస్సులో మరిచిపోయేంత చిన్న వస్తువు ఇది. మామూలు ఇన్‌స్టాలేషన్లలో బూట్ అయ్యేటప్పుడు ఆ పాస్‌వర్డ్ అడిగే చోట తెరమీద కీబోర్డు రాదు, బ్లూటూత్ కీబోర్డూ పనిచేయదు. మీది పిన్నులతో అతుక్కునేది అయితే పర్వాలేదు. బ్లూటూత్‌ది అయితే ఒక యూఎస్‌బీ కీబోర్డు, దాన్ని చిన్న రంధ్రానికి తగిలించే ఓటీజీ అడాప్టరు కొనుక్కోండి.