ఆ పెద్ద 'ఎ' అక్షరంలో ఉన్నది బాల యేసు కాదు

మధ్యయుగపు లాటిన్ పూజ పుస్తకంలోని ఒక పేజీ చూపించి, పెద్ద 'ఎ' (A) అక్షరం లోపల కిరీటం పెట్టుకున్న మనిషి మోకరించి, బట్టల్లేని చిన్న బిడ్డను ఆకాశం వైపు ఎత్తుతున్నాడు, ఇది క్రిస్మస్ పేజీయేనా అని అడిగారు కదా. కాదండీ. ఆయన బైబిల్లోని దావీదు రాజు, ఆ బిడ్డ ఆయన ఆత్మ! మధ్యయుగ చిత్రకారులు ఆత్మను ఇలాగే చిన్న మనిషి రూపంలో గీసేవారు.

అక్షరం పక్కన 'ద్ తే లెవావి' అని లాటిన్‌లో ఉందేమో చూడండి, ఆ పెద్ద అక్షరంతో కలిపితే 'ఆద్ తే లెవావి' అవుతుంది. 'నీ వైపు నా ఆత్మను ఎత్తుతున్నాను' అని అర్థం. మన బైబిల్లో 25వ కీర్తన, లాటిన్ బైబిల్ లెక్కలో 24. మాటను ఉన్నదున్నట్టు బొమ్మగా గీశారన్నమాట, నాకు భలే ఇష్టం ఇది.

క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారం కాథలిక్ చర్చి పూజ ఈ పాటతోనే మొదలవుతుంది. పూజ పాటల పుస్తకం గ్రాడ్యువల్‌కు సాధారణంగా ఇదే తొలి పేజీ, అందుకే ఆ పేజీలో అంత బంగారు రంగు. క్రిస్మస్ పగటి పూజ పాట 'పూఎర్ నాతుస్' ('బిడ్డ పుట్టాడు'), అక్కడ పెద్ద 'పి' (P) అక్షరం ఉంటుంది.