నొప్పి లేని కాలినే ముందు చూపించండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. హనుమకొండలో బట్టల షాపులో పని, రోజంతా నిలబడే ఉంటాను. నా పాదాలు వెడల్పు. 8 సైజు షూ వేస్తే కుడికాలి చిటికెన వేలు ఒరుసుకుపోతోంది, 9 వేస్తే మడమ దగ్గర జారుతోంది. ఎడమకాలికి ఇబ్బంది లేదు. ఆ కాలి బొటనవేలి కింద ఆనెకాయ ఉంటే అప్పుడప్పుడు బ్లేడుతో చెక్కి కార్న్ క్యాప్ అంటిస్తున్నాను, నొప్పేమీ లేదు. పదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. సరైన షూ ఎలా ఎంచుకోవాలి?

జవాబు: మీరు కుడికాలి గురించి అడిగారు. నా భయం ఎడమకాలి గురించి.

ఆనెకాయ పైపొర చచ్చిన చర్మం కాబట్టి చెక్కితే నొప్పి లేకపోవచ్చు. కానీ దానిమీద రోజంతా నిలబడ్డా ఏమీ అనిపించడం లేదంటే, పదేళ్ల షుగర్‌తో పాదంలో నరాలు మొద్దుబారాయేమో చూడాలి. చూడకుండా ఖాయంగా చెప్పలేను. 10 గ్రాముల ఒత్తిడితో తాకే నైలాన్ తీగతో, కంపనం తెలుస్తోందా అని చూసే ట్యూనింగ్ ఫోర్క్‌తో చేసే పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది. రక్తం సరిగా అందుతోందా అని పాదంలో నాడి కూడా పట్టి చూస్తారు. మీ షుగర్ డాక్టర్ దగ్గరైనా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీలోనైనా ఈ వారమే చూపించుకోండి.

బ్లేడు మాత్రం ఈరోజే మానేయండి. కార్న్ క్యాప్ కూడా. అందులో ఉండే సాలిసిలిక్ యాసిడ్‌కు ఆనెకాయ ఏదో, మంచి చర్మం ఏదో తెలియదు. పక్క చర్మం తెల్లగా నాని పుండవుతుంది, స్పర్శ లేని కాలికి ఆ మంట కూడా తెలియదు. షుగర్ ఉన్నవాళ్లు వాడొద్దని చాలా ప్యాకెట్ల మీదే రాసి ఉంటుంది. పదేళ్లుగా మాత్రలు మింగుతున్న మీరు మెడికల్ షాపులో ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. జిల్లేడు పాలు పూసుకొని వచ్చేవాళ్లకూ నేను చెప్పేది ఇదే. ఆనెకాయ కింద నల్లగా, ఎర్రగా మచ్చ కనిపిస్తే లోపల పుండు ఉండొచ్చు. నీరు కారినా, వాసన వచ్చినా, పాదం ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా అదేరోజు వెళ్లాలి.

ఇక షూ. పరీక్ష అయ్యేదాకా కొనకండి. స్పర్శ తగ్గిన కాలికి బిగుతు షూనే సరిపోయినట్టు అనిపిస్తుంది, సరైనది లూజుగా తోస్తుంది. షూలో చిన్న రాయి పడినా సాయంత్రం దాకా తెలియనివాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. అందుకే వేసి చూసి బాగుందనుకోవడం మీకు సరిపోదు, కొలవాలి. సాయంత్రం పాదాలు కొంచెం ఉబ్బుతాయి, అప్పుడే కాగితం మీద నిలబడి రెండు పాదాల గీతా గీయించుకోండి. కత్తిరించి షూలో పెట్టండి. అంచులు మడత పడితే ఆ షూ ఇరుకే. పెద్ద పాదానికి తగ్గట్టు తీసుకోండి. అన్నిటికంటే పొడవైన వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.

8 నుంచి 9కి వెళ్తే పొడవు దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది, వెడల్పు పెరిగేది చాలా తక్కువ. మీ మడమ జారేది అందుకే. కాబట్టి అదే 8లో 'వైడ్' రకం, 2ఇ, 4ఇ అని వెడల్పు గుర్తు ఉండేవి అడగండి. ముందుభాగం గుండ్రంగా, లోతుగా ఉండి లేసులో, వెల్‌క్రోనో ఉంటే మంచిది. 'వాడితే సాగుతుంది సార్' అంటే కొనకండి. స్పర్శ తగ్గిందని తేలితే డాక్టర్ ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు రాయవచ్చు, అప్పుడు ఈ లెక్క మారుతుంది.

కొత్తవి మొదట ఇంట్లో గంటసేపు వేసుకొని, విప్పి, ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. కొత్త చెప్పులతో మేడారం జాతరకు పోయి బొబ్బలతో వచ్చినవాళ్లకు, షుగర్ ఉంటే, అవి మానడానికి నెలలు పట్టడం చూశాను.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పుడు వేసుకుంటున్న షూ, ఆ కార్న్ క్యాప్ ప్యాకెట్ రెండూ తీసుకెళ్లండి.