మేజ్ డ్యామేజ్ తగ్గిస్తే వారియర్ గెలుస్తాడా?

మీరు అడిగింది ఇది: ఫ్రెండ్స్‌తో కలిసి చిన్న ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ తయారుచేస్తున్నారు, ఇరవయ్యో లెవెల్ దాటాక మంత్రాలు వేసే మేజ్‌లే కత్తి పట్టే వారియర్‌ల మీద గెలుస్తున్నారు, మేజ్‌ల స్పెల్స్ (మంత్రాలు) చేసే డ్యామేజ్ ఎంత శాతం తగ్గించాలి? ప్రస్తుతానికి ఒక్క శాతం కూడా తగ్గించకండి. మేం తగ్గించి చూశాం, అందుకే చెబుతున్నాను.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మేం ముగ్గురం, సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నంలో ఉండే మా పిన్ని కొడుకు కలిసి ఒక గేమ్ కట్టాం. ఆడేవాళ్లు నలభై మంది దాకా ఉండేవారు. గుణుపురం, రాయగడ, టెక్కలి, బరంపురం, అన్నీ మన చుట్టుపక్కల ఊళ్లే.

అంతకుముందు మా అందరికీ అలవాటైన గేమ్ రూన్‌స్కేప్. 2001లో వచ్చింది, అప్పట్లో బ్రౌజర్‌లోనే ఆడగలిగేవాళ్లం కాబట్టి నెట్ షాపులోని పాత కంప్యూటర్ల మీద కూడా నడిచేది. అందులో మూడు రకాల పోరాటాలకు ఒక త్రికోణం ఉంటుంది: మంత్రం కత్తిని గెలుస్తుంది, కత్తి విల్లుని, విల్లు మంత్రాన్ని. ఇనుప కవచం వేసుకున్నవాడికి మంత్రం దగ్గర రక్షణ మైనస్‌లోకి పోతుంది. మేం అదే పద్ధతి తీసుకున్నాం గానీ, వారియర్‌లు మరీ ఘోరంగా ఓడిపోతుంటే చూడలేక మేజ్ నిప్పు స్పెల్స్ డ్యామేజ్ 30 శాతం కోసేశాం.

వారంలో అయిదారుగురు మేజ్‌లు ఆడటం మానేశారు. వారియర్‌లు మాత్రం ఓడిపోతూనే ఉన్నారు, ఓడటానికి ఇంకాస్త ఎక్కువసేపు పట్టేది.

అప్పుడు మా తమ్ముడు, అదే పిన్ని కొడుకు, కొన్ని ఫైట్లు రికార్డు చేసి, కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. నిమిషం ఫైట్‌లో వారియర్ కత్తి అందే దూరంలో మేజ్ ఎన్ని సెకన్లు ఉన్నాడో లెక్కపెట్టాడు. పదకొండు, పన్నెండు సెకన్లు వచ్చింది. మిగతా సమయమంతా వారియర్ మేజ్ వేసిన స్పెల్‌కి గడ్డకట్టి కదల్లేక నిలబడటమో, మేజ్ వెనక పరిగెత్తడమో. మేం డ్యామేజ్ పట్టికలో రెండు క్లాసులకీ, అంటే మేజ్‌కీ వారియర్‌కీ, అంకెలు సమానం చేసి మురిసిపోయాం, కానీ వారియర్‌కి ఆ అంకె వాడుకునే సమయమే లేదు.

అందుకని కోసిన 30 శాతం తిరిగి ఇచ్చేసి, మూడు మార్పులు చేశాం. ఒకటి, గడ్డకట్టించే స్పెల్ ఒకే మనిషి మీద వెంటవెంటనే వేస్తే రెండోసారి సగం సేపు, మూడోసారి పావు సేపు, ఆ తర్వాత కొంతసేపు అసలు పనిచేయదు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌లో ఇలాంటి పద్ధతే ఉంది. రెండోది, పెద్ద స్పెల్ చదువుతుండగా దెబ్బ తగిలితే అది చెడిపోవాలి. మూడోది, వారియర్‌కి ఒక్క ఉరుకులో దగ్గరికి చేరే శక్తి. ఈ మూడింటితో ఆ పన్నెండు సెకన్లు దాదాపు ముప్ఫై అయ్యాయి.

స్పెల్‌కి ఖర్చు పెట్టి కట్టడి చేయమని చాలామంది చెబుతారు. రూన్‌స్కేప్‌లో స్పెల్ వేయాలంటే రూన్‌లనే మంత్రపు రాళ్లు ఖర్చవుతాయి; గడ్డకట్టించే ఐస్ బరాజ్ స్పెల్ ఒక్కసారి వేస్తే నాలుగు డెత్ రూన్‌లు, రెండు బ్లడ్ రూన్‌లు, ఆరు వాటర్ రూన్‌లు అయిపోతాయి. నాకు ఆ దారి నచ్చదు. ఖర్చు ఆపేది కొత్తవాళ్లని, డబ్బు కూడబెట్టిన పాతవాళ్లని కాదు. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఆ పాతవాళ్లే కదా.

ఇక మన ప్రాంతం వాళ్లు తప్పకుండా చూసుకోవలసింది ల్యాగ్, అంటే నెట్ నెమ్మదించి స్క్రీన్ సర్వర్ కన్నా వెనకబడటం. గుణుపురం నుంచి ఒక కుర్రాడు మొబైల్ నెట్‌తో వారియర్ ఆడేవాడు. తన స్క్రీన్ మీద మేజ్ పక్కనే కనిపిస్తాడు, కత్తితో కొడితే గాలికి తగులుతుంది, ఎందుకంటే సర్వర్ లెక్కలో మేజ్ అప్పటికే నాలుగడుగులు జరిగిపోయాడు. మేజ్‌కి ఈ బాధ లేదు. దూరం నుంచి ఒకసారి టార్గెట్ చేస్తే చాలు. అంటే నెట్ బలహీనంగా ఉన్న ప్రతిచోటా వారియర్ మరింత బలహీనుడవుతాడు. బెంగళూరులో మంచి నెట్ మీద టెస్ట్ చేస్తే ఇది కనిపించదు. రూన్‌స్కేప్ సర్వర్ 0.6 సెకన్లకోసారి అందరి పనులూ కలిపి చూస్తుంది, కాబట్టి నెట్ కాస్త ఆలస్యమైనా తేడా తక్కువ. అది పాతకాలపు పద్ధతి అనుకునేవాణ్ణి, ఆ కుర్రాడి ఫైట్లు చూశాకే దాని విలువ తెలిసింది. మేం అర సెకను పెట్టుకున్నాం, కత్తి అందే దూరం కూడా ఒక గడి పెంచాం.

యుద్ధం బయట సంగతి కూడా ఒకటుంది. 1974లో వచ్చిన, బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ నాటి నుంచీ మంత్రగాడికి కొట్టడం ఒక్కటే కాదు, ఎగరడం, తాళం తీయడం, మాయమవడం కూడా చేతనవును. వారియర్‌కి కొట్టడమే. మేం వారియర్‌కి కోట తలుపు పగలగొట్టడం, గాయపడ్డవాణ్ణి భుజాన వేసుకుని బయటికి తేవడం ఇచ్చాం. ఆ రెండోది పెట్టాక కొత్తగా చేరినవాళ్లు వారియర్ ఎంచుకోవడం మొదలైంది. మేం చేసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ముందు మీరూ ఒక పది ఫైట్లు రికార్డు చేసి, సగం మొబైల్ నెట్ మీద ఆడినవి ఉండేలా చూసుకుని, కత్తి అందిన సెకన్లు లెక్కపెట్టండి. ఆ అంకె కామెంట్‌లో పెడితే, గడ్డకట్టే సమయం ఎంత ఉంచాలో కలిసి చూద్దాం.