కోకో పెట్టు తమ్ముడూ, కానీ నూటికి రెండు వడ్డీకి తెచ్చి మాత్రం వద్దు

పాకాల దగ్గర్నుంచి ఒక తమ్ముడు రాసినాడు. నాయన ఇచ్చిన మూడెకరాల ఎర్రనేల ఉంది, ఏండ్ల తరబడి శెనక్కాయలే వేసి సారం పోయింది, దాన్ని బాగుచేసి కొబ్బరి, మధ్యలో కోకో, అదే చాక్లెట్ గింజల చెట్టు, పెట్టాలంట. తిరుపతిలో ప్రైవేటు ఉద్యోగం, జీతం 38 వేలు, ఇంటి ఖర్చు 25 వేలు, బ్యాంకులో ఉండేది 40 వేలు. తెలిసినాయన నూటికి రెండ్రూపాయల వడ్డీకి 6 లక్షలు ఇస్తానన్నాడు, తీసుకోవచ్చా అన్నా అని అడిగినాడు.

వద్దు. పంట పేరు మారుతుంది అంతే, నిన్న డ్రాగన్ ఫ్రూట్, మొన్న శ్రీగంధం, ఇప్పుడు కోకో, అందరిదీ ఇదే కథ. 6 లక్షలకి నెలకి వడ్డీనే 12 వేలు, ఇంటి ఖర్చు కలిపితే 37 వేలు, నీకు మిగిలేది వెయ్యి, అసలు మాత్రం పైసా తగ్గదు. కోకో కాపు మొదలయ్యేదే మూడో ఏడు, బాగా కాసేది ఐదారేండ్లకి, మొదటి మూడేండ్లకే వడ్డీ 4 లక్షల 32 వేలు కట్టేసుంటావు. రేటు చూసి ఆశపడినావేమో, 2024లో కిలో వెయ్యి దాకా పోయిన గింజలు మరుసటేడే సగానికి పడినాయి, గోదావరి రైతులు రోడ్డెక్కినారు. వాళ్లకి కోకోకి కావాల్సిన నీడ పెరిగిన కొబ్బరితోటలే ఇస్తాయి, కొనేవాళ్లు పక్కనే ఉన్నారు, నీకు రెండూ లేవు.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ 40 వేలు. మే నెలలో మోటరు కాలిపోయి, అదే నెల నాయనకి ఒంట్లో బాలేక ఆస్పత్రికి పోతే ఏం చేస్తావు? భార్య నగలు కుదువకి పోతాయి, తర్వాత పొలం పాసుపుస్తకం. ఇంటికి ఆరు నెలల ఖర్చు లక్షన్నర, బోరుకని విడిగా 50 వేలు, మొత్తం 2 లక్షలు పక్కన పడాల్సిందే, అంతవరకు కోకో మాట ఎత్తొద్దు. నెలకి 13 వేలు మిగులుతాంది కదా, ఉన్న 40 వేలు కలుపుకుంటే ఏడాదికి అటూఇటుగా చేతికొస్తుంది. ఆ డబ్బు వేరే ఖాతాలో వేసుకో, ఊర్లో ఎవరికీ చెప్పొద్దు, చేబదులుకి వచ్చేస్తారు.

టర్మ్ పాలసీ ఒకటి తీసుకో, నీకేమన్నా అయితే ఇంట్లోవాళ్లకి డబ్బొచ్చే బీమా అది. కిసాన్ కార్డు మీద బ్యాంకు ఇచ్చే పంట లోను టైముకి కడితే ఏడాదికి 4 శాతం వడ్డీనే, కానీ అది ఏడాదిలో తీర్చాల్సింది, కోకోకి వాడొద్దు.

ఈ ఏడాది అరెకరం నేల బాగుచేసుకుంటే చాలు. వాలుకి అడ్డంగా కట్టలు వేసి, చెరువుమట్టి తోలించి, వానలకి జనుము చల్లి పూతకొచ్చినప్పుడు కలియదున్ను, గట్ల మీద పచ్చిరొట్ట ఎరువుకి గ్లిరిసిడియా చెట్లు నాటు. వీటికి ఖర్చయ్యి ఆ 2 లక్షలు చేరేది రెండు నెలలు లేటైనా పర్లేదు. డ్రిప్ సబ్సిడీకి రైతు సేవా కేంద్రంలో అడుగు. కోకోకి 1500 మిల్లీమీటర్ల పైన వాన కావాలి, మనకి అంత పడదు, అంటే ఎండాకాలమంతా బోరే దిక్కు. మే నెలలో ఆ బోరు ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తుందో చూసి రాయి, కార్తీకంలో చూసిన లెక్క నాకొద్దు.