మోడ్ పట్టిక పెరిగేలోపే

తమ్ముడూ,

లినక్స్ కోసం నువ్వు రాసిన కెమెరా సెన్సర్ డ్రైవర్ (సెన్సర్‌ని నడిపే ప్రోగ్రాం) చూశాను. నాలుగు రిజల్యూషన్లు, ఒక్కోదానికి సెకనుకి 30 ఫ్రేములకి (30 ఎఫ్‌పీఎస్) ఒక రిజిస్టర్ పట్టిక (సెన్సర్ లోపలి సెట్టింగుల జాబితా), 15కి ఇంకొకటి. ఇలాంటి సైజు, రేటు జత ఒక్కొక్కటీ ఒక మోడ్. బొమ్మ వస్తోంది, కాదనను. సెన్సర్ కంపెనీ ఇచ్చిన పట్టికలతోనే ఎవరైనా మొదలుపెడతారు. కానీ రేపు ఎవరో కొత్త సైజు అడిగితే, మళ్లీ కంపెనీ వాళ్ల జవాబు కోసం కూర్చోవాల్సిందే.

ఏ రెండు పట్టికలైనా పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న రిజిస్టర్లు మాత్రం ఏరి చూడు. మిగతావన్నీ ఒకే కామన్ పట్టికలోకి పోతాయి. తేడా ఉన్నవాటిని డేటాషీట్‌తో (కంపెనీ ఇచ్చే సెన్సర్ వివరాల పత్రం) సరిపోల్చితే చాలావరకు క్రాప్ హద్దులు (సెన్సర్‌లో ఏ ముక్క వాడాలో), బిన్నింగ్ (పక్కపక్క పిక్సెళ్లను కలపడం), అవుట్‌పుట్ సైజు, లైన్ పొడవు, ఫ్రేమ్ పొడవు అని తేలతాయి. వీటిని లెక్కగట్టి రాయగలిగితే పట్టికతో పనే లేదు. డేటాషీట్‌లో పేరు లేనివి కొన్ని మిగులుతాయి. వాటి జోలికి పోకు, ఇచ్చిన విలువలు ఇచ్చినట్టే ఉంచు.

ఫ్రేమ్ రేటును మాత్రం మోడ్‌లో ఇరికించకు. సోనీ ఐఎంఎక్స్219 తీసుకో. డేటా బయటికి వెళ్లే దారులు (లేన్లు) రెండు, వాటి క్లాక్ వేగం (లింక్ ఫ్రీక్వెన్సీ) 456 మెగాహెర్ట్జ్, పిక్సెల్‌కి 10 బిట్లు. క్లాక్ రెండు అంచుల్లోనూ డేటా వెళ్తుంది కాబట్టి 456×2×2÷10, అంటే సెకనుకి 18.24 కోట్ల పిక్సెళ్లు. పూర్తి సైజు 3280×2464. అడ్డంగా బ్లాంకింగ్ (బొమ్మ లేని ఖాళీ సమయం) 168 కలిపితే లైన్ 3448, నిలువు బ్లాంకింగ్ 1062 కలిపితే ఫ్రేమ్ 3526 లైన్లు. పిక్సెళ్ల రేటుని ఈ రెండిటి లబ్ధంతో భాగించి చూడు, దాదాపు 15 ఎఫ్‌పీఎస్. ఇందులో 15 అన్న అంకె ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఆ నిలువు బ్లాంకింగ్‌ని (వీబ్లాంక్) కంట్రోల్‌గా బయటికి ఇస్తే, ఎంత రేటు కావాలో లిబ్‌కెమెరా లాంటి కెమెరా లైబ్రరీలు తామే లెక్కేసుకుంటాయి. ఒక్కటి మరవకు: ఎక్స్‌పోజర్‌ని (వెలుతురు పట్టే సమయాన్ని) లైన్లలోనే కొలుస్తాం, అది ఫ్రేమ్ పొడవు దాటలేదు. వీబ్లాంక్ మారిన ప్రతిసారీ ఎక్స్‌పోజర్ గరిష్ఠ పరిమితినీ మార్చాలి. నీ కోడ్‌లో అది లేదు. అందుకే చీకట్లో పెట్టినా ఎక్స్‌పోజర్ ఒకచోట ఆగిపోయి పైకి వెళ్లనంటోంది.

ఇక క్రాప్. ఇదే సెన్సర్‌లో 1640×1232 అంటే రెండు రెండు పిక్సెళ్లు కలిపిన మొత్తం దృశ్యం. 1920×1080 అంటే నడిమి ముక్క. సైజు పెద్దదే, కనిపించే దృశ్యం మాత్రం చిన్నది. క్రాప్ రెక్టాంగిల్ చెప్పకుండా వెడల్పు, ఎత్తు మాత్రమే ఇస్తే, వాడేవాడికి రెండో మోడ్‌లో ఎందుకు జూమ్ అయిందో అర్థం కాదు, బగ్ అని నీకే రాస్తాడు. సెలెక్షన్ ఏపీఐలో (ఈ క్రాప్ వివరాలు అడిగే లినక్స్ కాల్స్) నేటివ్ సైజు, క్రాప్ హద్దులు, డిఫాల్ట్ క్రాప్, ప్రస్తుత క్రాప్ నాలుగూ ఇవ్వు. చదవడానికి ఇస్తే చాలు, మార్చుకోనివ్వడం తర్వాతైనా చూడొచ్చు.

డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాల ఫైలు) ఉన్న లింక్ ఫ్రీక్వెన్సీ నీ డ్రైవర్‌కి చేతకానిదైతే ప్రోబ్‌లోనే, అంటే డ్రైవర్ మొదలయ్యేటప్పుడే, ఎర్రర్ ఇచ్చి ఆపెయ్. సర్దుకుపోదామనుకుంటే తర్వాత నలుపు ఫ్రేములతో తల పట్టుకోవాలి.

ఫ్లిప్ సంగతి కూడా ఉంది. చాలా సెన్సర్లలో బొమ్మ తిప్పితే బేయర్ వరస (పిక్సెళ్ల మీది ఎరుపు, పచ్చ, నీలం ఫిల్టర్ల వరస) మారుతుంది, అంటే ఫార్మాట్ కోడే మారుతుంది. స్ట్రీమింగ్ నడుస్తుండగా ఫ్లిప్‌ని ముట్టుకోనివ్వకు.

ముందు పట్టికలు విడదీసిన ప్యాచ్ (కోడ్ మార్పు) ఒక్కటే పంపు. క్రాప్, ఫ్లిప్ వేరే ప్యాచ్‌లుగా పెట్టు, అన్నీ కలిపి పంపితే నేను చదవను.

అన్నయ్య