కోనసీమ పెరట్లో కమలా వేయాలా, బత్తాయి వేయాలా?

అమలాపురం దగ్గర ఇల్లు, పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంది, నాగపూర్ కమలా మంచిదా బత్తాయి మంచిదా అని అడిగారు. రెండూ వేసి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నానండి. కమలా జోలికి పోకండి.

మాది రావులపాలెం వైపు. కడియపులంక నర్సరీలో ముచ్చటపడి కమలా అంటు తెచ్చాను. కొన్నప్పుడే దానికి నాలుగు పసుపు కాయలున్నాయి, అవే నా కొంప ముంచాయి. నాలుగో ఏట ముప్పై దాకా కాసింది కానీ తొక్క ఆకుపచ్చగానే ఉండిపోయింది. రంగు తిరుగుతుందని ఆగాను. ఈలోగా తొనలు ఎండి పిప్పయ్యాయి. ఆ రంగు పట్టాలంటే రాత్రిళ్లు గట్టి చలి ఉండాలి, మన సంక్రాంతి చలి ఏ మూలకి? పోనీ కోసి గడ్డిలో వేద్దామా అంటే, ఇది మామిడిలా మగ్గే జాతి కాదు. చెట్టున ఎంత తీపి ఉంటే అంతే.

ఆ మరుసటి వానాకాలం కాండం అడుగున బంక కారింది. వేలితో నొక్కితే బెరడు తడిసిన అట్టముక్కలా ఊడొచ్చింది. తప్పు నాదే. పల్లంలో గుంట తీసి నాటాను, కాండాన్ని ఆనుకునే పాదు చేశాను, అంటు కట్టిన చోటు మట్టిలో కప్పబడిపోయింది. ఆగస్టులో మా పెరట్లో రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అలాంటి చోట ఏ నారింజ జాతి వేరైనా కుళ్లక ఏం చేస్తుంది?

తర్వాత సాత్‌గుడి రకం బత్తాయి వేశాను, రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు. ఈసారి రెండడుగుల ఎత్తు మట్టి దిమ్మ పోసి నాటాను. నీళ్లు కాండం దగ్గర పోయను, కొమ్మల అంచు కింద పోస్తాను. అనంతపురం రైతులు డిసెంబరులో నీళ్లాపి చెట్టును వాడబెట్టి ఒకేసారి పూత తెప్పిస్తారు. మన నేల ఆరనే ఆరదు కాబట్టి పూత విడతలుగా వస్తుంది. తోట వేసినవాడికి అది నష్టమే, ఇంటికి మాత్రం ఎప్పుడు చూసినా నాలుగు కాయలుంటాయి. పూత నుంచి కోతకి ఎనిమిది, తొమ్మిది నెలలు. తీపి అనంతపురం కాయకి సాటి రాదు, జ్యూస్‌కి బాగుంటుంది.

లేత చిగురు మీద పిట్టరెట్టలా కనిపించేది గొంగళిపురుగు. చేత్తో ఏరేయండి. పక్కన కరివేపాకు చెట్టుంటే అక్కడా చూడండి, దానికి రెండూ ఇష్టమే.

మీరు అడగలేదు గానీ, చోటు కాస్త పెద్దదైతే నేను పంపరపనసే వేస్తాను. మా అత్తగారింట్లో ఉంది. వినాయక చవితికి పాలవెల్లికి కట్టడానికి వీధి వీధంతా వాళ్ల గుమ్మంలోనే. గింజ మొక్క వద్దు, కాపుకి ఏళ్లు పడుతుంది. తల్లిచెట్టు కాయ రుచి చూసి గాలి అంటు (చెట్టు మీదే కొమ్మకి వేళ్లు పుట్టించి కోసింది) తెచ్చుకోండి.

బత్తాయే వేస్తే మాత్రం అంటు కింద నుంచి వచ్చే చిగుర్లు ఎప్పటికప్పుడు గిల్లేయండి. మా పక్కింటాయన వదిలేశారు. పైన బత్తాయి ఎండిపోయి కింది రంగపూర్ నిమ్మే చెట్టయింది. కాయలు చూడటానికి అచ్చం చిన్న కమలాలే. ఆయన సంబరంగా మాకూ ఒక సంచీ పంపారు, ఒక్క తొనకే పళ్లు పులిసిపోయాయి.